గ్రంథపాలకుని స్వాధ్యాయము

లోకమున ఏ వృత్తియందైనను లోపము కలిగినచో దానిని బయటపెట్టువారు కొందఱుందురు. వంటవాడు ఉప్పు మఱచినచో తినువాని నాలుక చెప్పును. కుట్టుపనివాడు కొలత తప్పినచో చొక్కా తొడుగుకొన్నవాడు మఱునాడే అంగడికి వచ్చి నిలదీయును. వైద్యుడు పొరపడినచో రోగి శరీరమే సాక్ష్యము పలుకును. పాఠము సరిగా చెప్పని ఉపాధ్యాయుని సంగతి సైతము పరీక్షలనాటికి ఎంతోకొంత వెల్లడి కాకపోదు. కాని గ్రంథాలయములో కూర్చున్న గ్రంథపాలకుడు తన పనిలో వెనుకబడినచో చెప్పువారెవరు? తనకు కావలసిన పుస్తకము అక్కడనే మూడవ బీరువాలో రెండవ వరుసలో నున్నదని తెలియని పాఠకుడు, 'లేదు' అన్న మాట విని, నమ్మి, నమస్కరించి వెడలిపోవును. అతడు తగవుపడడు, ఫిర్యాదు వ్రాయడు. తాను పోగొట్టుకొన్నదేమో అతనికే తెలియదు గదా!

నష్టపడినవానికే నష్టము తెలియని యీ లోపమును గూర్చి కొంచెము విచారింపవలసియున్నది. దండించువాడు లేడు గనుక తప్పు తప్పు కాకపోవునా? అడుగువాడు లేడు గనుక బాకీ బాకీ కాకపోవునా? మన గృహములలో తండ్రి లేని పసివాని పేరిట నిలువయున్న సొమ్మును కాపాడు పెద్దను తలంచుకొనుడు. పసివానికి లెక్క తెలియదు, అడుగలేడు. అందువలననే ఆ పెద్ద మఱింత జాగ్రత్తతో లెక్క వ్రాసి పెట్టవలెనని మనమందఱము ఒప్పుకొందుము. అడుగలేనివాని సొత్తును కాపాడువాని బాధ్యత, అడుగగలవాని సొత్తును కాపాడువాని బాధ్యతకంటె పెద్దది. గ్రంథపాలకుని స్థితి ఇట్టిదే. గ్రంథాలయములోని జ్ఞానము పాఠకుని సొత్తు. తాళపుచెవి మాత్రము గ్రంథపాలకునియొద్ద నున్నది. ఆ తాళపుచెవి ఇనుముతో చేసినది కాదు. అతని యెఱుకయే ఆ తాళపుచెవి. అది తుప్పు పట్టినచో, తలుపులు బార్లా తెరచియున్నను ఆ గ్రంథాలయము మూసియున్నట్లే.

గ్రంథపాలకుడని నేను వ్రాయుచోటనెల్ల గ్రంథపాలకురాలిని కూడ ఉద్దేశించుచున్నాను. నేడు మన గ్రంథాలయములలో ఆ పని చేయు స్త్రీలు అనేకులున్నారు.

ఒక దృష్టాంతము చెప్పెదను. కళాశాలలో చదువు ఒక బాలిక గ్రంథాలయమునకు వచ్చి, "తెలుగులో స్త్రీలు వ్రాసిన పాతకథ లేమైన నున్నవా?" యని అడిగినదనుకొందము. ఎఱుక గల గ్రంథపాలకుడు వెంటనే భండారు అచ్చమాంబ పేరు చెప్పును. ఆమె 'ధనత్రయోదశి' యను కథ 1902లో వెలువడినదని చెప్పును. ఆమెయే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసినదనియు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారికి సోదరి యనియు చెప్పి, ఆ మార్గమున ఆనాటి స్త్రీవిద్యను గూర్చిన పుస్తకములకు కూడ ఆ బాలికను నడపించును. ఎఱుక లేనివాడు, "స్త్రీల కథలా? అవి ఆ వైపునున్నవి, చూచుకొనుము" అని నిన్నమొన్నటి నవలల బీరువాను చూపును. ఆ బాలిక ఒక నవల తీసికొని పోవును. ఆమెకు కోపము రాదు. ఆమె తన ముత్తవ్వలలో ఒకతె నూఱేండ్ల క్రిందట కలముపట్టి వ్రాసినదను సంగతి తెలియకయే పెరిగి పెద్దదగును. ఇది చిన్న నష్టమా? ఏ చోరుడు చేసిన నష్టము ఇంతకంటె పెద్దది?

ఇప్పుడు పుస్తకములన్నియు చేతిలోని ఫోనులోనికే వచ్చినవి, గ్రంథపాలకునితో పనియేమి యనువారుందురు. వారి మాటలో కొంత నిజమున్నది. పుస్తకము దొరకుట మునుపటికంటె సులభమైనది. కాని ఏ పుస్తకము కావలెనో తెలియుట సులభము కాలేదు. ఊరిబావి యొక్కటియే యున్ననాడు నీటికి దారి యెవరును అడుగలేదు. సముద్రములోనికి పోవునపుడే నావికుడు కావలసివచ్చును. పుస్తకములు పెరిగినకొలది దారి చూపువాని యవసరము పెరుగును గాని తరుగదు. అయితే దారి చూపువాడు తాను నడచిన దారినే చూపగలడు. నడచుట మానినవాడు చూపు దారి పాతదై, ముండ్లు మొలచియుండును.

ఇందులకు మన పెద్దలు చెప్పిన మాట యొకటి కలదు. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి ఇంటికి పోవుచున్న శిష్యునకు గురువు చేయు ఉపదేశమున, తన చదువును విడువవలదనియు, ఇతరులకు చెప్పుటను విడువవలదనియు రెండును జంటగా బోధింపబడినవి. ఇందు రెండు విశేషములు గమనింపదగియున్నవి. మొదటిది, ఈ మాట చదువు మొదలుపెట్టినవానికి చెప్పినది కాదు; చదువు ముగిసినవానికి చెప్పినది. పట్టము చేతికి వచ్చిన దినముననే అసలు చదువు ప్రారంభమగునని దాని భావము. రెండవది, తాను చదువుటను, ఇతరులకు అందించుటను విడదీయలేదు. తాను చదువక ఇతరులకు అందించువాడు ఎండిన చెఱువునుండి కాలువ త్రవ్వినవానివంటివాడు. తాను చదివి ఇతరులకు అందింపనివాడు తూము లేని చెఱువువంటివాడు. గ్రంథపాలకుని పదవి యీ రెంటి నడుమ తూమువలె నిలిచియున్నది. కావున నిత్యము నేర్చుకొనుట అతనికి వేడుక కాదు, ధర్మము.

ధర్మమని ఒప్పుకొనుట తేలిక, నిలుపుకొనుట యెట్లు? పైన చెప్పినట్లు ఇచ్చట దండించువారు లేరు, సాక్షులు లేరు. అట్టి చోట ఒక్కనాటి ఉత్సాహము పనికిరాదు. ఏడాదికొకసారి రెండుదినముల శిక్షణమునకు పోయి, సంచి, కాగితములు, పత్రము తెచ్చుకొని, మఱునాటినుండి మునుపటివలెనే కూర్చుండుటవలన గ్రంథపాలకునకు గాని పాఠకునకు గాని మేలు లేదు. సాక్షి లేని చోట మనుష్యుని కాపాడునది అలవాటొక్కటే. ప్రొద్దుట ముఖము కడుగుకొనుటకు మనకు ఎవరి ఆజ్ఞయు అక్కఱలేదు; మానినచో మనకే తోచదు. నేర్చుకొనుట కూడ అట్టి నిత్యకృత్యము కావలెను. అందులకు పెద్ద అలవాట్లు వలదు, చిన్నవే చాలును. చిన్నవే నిలుచును.

ఈ మాటకు నిదర్శనము గ్రంథాలయ శాస్త్రమున మన దేశమునకు పేరు తెచ్చిన శియాళి రామామృత రంగనాథన్‌గారి జీవితము. ఆయన గణితశాస్త్ర ఉపాధ్యాయుడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠములు చెప్పుచుండెడివారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా నియమింపబడిరి. అప్పటికి ఆయనకు ఆ వృత్తిలో శిక్షణము లేదు. మొదటి దినములలో ఆ ఒంటరితనమునకును, పని లేమికిని విసిగి, తిరిగి పాఠశాలకే పోయెదనని కోరుకొనిరట. పిదప ఇంగ్లండునకు పోయి, లండను విశ్వవిద్యాలయ కళాశాలలో గ్రంథాలయ విద్య నభ్యసించి, అచ్చటి గ్రంథాలయములనేకము తిరిగి చూచిరి. అచ్చట నొక అంగడిలో, ముక్కలను బిగించి నానావిధములైన బొమ్మలుగా కూర్చు పిల్లల ఆటవస్తువును చూచినపుడు, పుస్తకముల విషయములను కూడ అట్లే ముక్కలుగా విడదీసి కూర్పవచ్చునను ఊహ ఆయనకు తోచినది. ఆ ఊహయే 1933లో కోలన్ వర్గీకరణముగా అచ్చయినది. ఆటబొమ్మను ఎందఱు చూడలేదు? కాని తన పనిని గూర్చిన ప్రశ్నను ఎల్లవేళల మనస్సున ధరించి తిరుగువానికే బొమ్మలో జవాబు కనబడును.

అంతటితో ఆయన ఆగిపోలేదు. తన గ్రంథమును మరల మరల దిద్దుచునే యుండిరి. 1960 నాటికి ఆఱు కూర్పులు వెలువడినవి. 1972లో దివంగతులగువఱకు నేర్చుకొనుటయు, నేర్పుటయు మానలేదు. 1931లో ప్రకటించిన పంచసూత్రములలో చివరిదాని తాత్పర్యము గ్రంథాలయము ప్రాణివలె పెరుగుచుండునని. ఇందు మనము గ్రహింపవలసినది యొకటి కలదు. పెరుగుచున్న శిశువునకు నిరుడు కుట్టించిన అంగీ చాలదు. గ్రంథాలయము పెరుగుచుండ, దానిని కాపాడువాని తెలివి మాత్రము నియామకపు నాటి కొలతలోనే యున్నచో, కొన్నియేండ్లకు గ్రంథాలయమునకు అతడే ఇఱుకగును.

ఇక అలవాట్ల సంగతి. నాకు తోచినవి ఐదు. ఒక్కొకదానికి దినమునకు గాని వారమునకు గాని కొద్దిపాటి కాలము చాలును, ధనవ్యయము లేదు.

మొదటిది, క్రొత్తగా వచ్చిన పుస్తకములతో పరిచయము. ఒక్కొక పుస్తకమునకు ఐదు నిమిషములు చాలును. ముఖపత్రము చూచి రచయిత పేరును, ముద్రించిన సంవత్సరమును, ఎన్నవ కూర్పో గ్రహించుట, పీఠిక చదివి రచయిత యెవరికొఱకు వ్రాసెనో తెలిసికొనుట, విషయసూచిక చూచుట, నడుమ ఒక పుట, చివర ఒక పుట చదువుట. ఇంతే. ముఖ్యము ముద్ర వేసి సంఖ్య అంటించి బీరువాలో పెట్టుటకు ముందు ఇది జరుగవలెను, పిదప జరుగదు. దినమునకు మూడు పుస్తకములైనచో పావుగంట. ఏడాదికి 300 పనిదినములనుకొన్నను 900 పుస్తకములతో ముఖపరిచయ మేర్పడును. పుస్తకములన్నియు ఆసాంతము చదువుట ఎవ్వరికిని సాధ్యము కాదు, అక్కఱయు లేదు. ఊరి కరణమునకు ప్రతి పొలములోని ప్రతి మొక్కయు తెలియదు. కాని ఏ పొలము ఎవరిదో, ఏ సరిహద్దు ఎచ్చటిదో తెలిసియుండెడిది. గ్రంథపాలకుని జ్ఞానము అట్టిది.

రెండవది అన్నింటిలో ముఖ్యమైనది. దానిని 'లేదు' చిట్టా యందును. పాఠకుడు అడిగి, పొందక పోయిన ప్రతి ప్రశ్నను ఒక పుస్తకములో వ్రాసి పెట్టుకొనవలెను. తేది, పాఠకుడు అడిగిన మాటలు ఉన్నవి ఉన్నట్లుగా, తానిచ్చిన జవాబు, తరువాత తెలిసిన సంగతి—ఈ నాలుగు గడులు చాలును. నెలకొకసారి ఆ చిట్టాను తిరుగవేయవలెను. అప్పుడు ఒక విచిత్రము కనబడును. మనము పలికిన 'లేదు' అన్న మాట ఒక్కటే యైనను దాని అర్థములు మూడు. గ్రంథాలయములో ఆ పుస్తకము లేదనుట యొకటి. ఉన్నది గాని నాకు కనబడలేదనుట రెండవది. తెలుగులో ఆ విషయముపై పుస్తకమే పుట్టలేదనుట మూడవది. మొదటిది కొనుగోలు పట్టికకు పోవలెను. రెండవది గ్రంథపాలకుని చదువునకు పోవలెను. మూడవది వ్రాయగలవారి చెవిని పడవలెను. ఈ మూడింటిని కలిపి ఒక్కమాటతో త్రోసివేయుటవలననే మన గ్రంథాలయములలో ఏండ్ల తరబడి అవే పుస్తకములు, అవే కొఱతలు నిలిచియుండును. సాక్షి లేని లోపమునకు ఈ చిట్టాయే సాక్షి. తన తప్పునకు తానే సాక్షిని నియమించుకొనుటకంటె గొప్ప నీతి మఱియొకటి లేదు.

మూడవది, వారమునకొక వరుసను చూచుట. బీరువాలో నొక్క వరుస తీసికొని, పుస్తకములు సంఖ్యల క్రమమున నున్నవో లేవో చూచి, ఒక్కొకదానిని చేతితో పట్టుకొని మరల పెట్టుట. తన చోటు తప్పిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానము. పైగా పోయినది పట్టికనుండి కొట్టివేయబడును, చోటు తప్పినది ఉన్నదని మోసపుచ్చును. ఇందువలన మఱియొక విద్య కూడ అలవడును. డ్యూయీ దొర 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణమును వాడు గ్రంథాలయములలో తెలుగు సాహిత్యము సంఖ్య 894.827. మహాభారతము హైందవ ధర్మగ్రంథముగా 294.5923 క్రింద చేరును. మఱి కవిత్రయము వారి ఆంధ్రమహాభారతము ఎచ్చట నుండవలెను? కావ్యమని తలంచి సాహిత్యములో పెట్టినచో మతగ్రంథములలో వెదకు వృద్ధునకు దొరకదు. మతగ్రంథములలో పెట్టినచో పద్యముల కొఱకు వచ్చిన విద్యార్థికి దొరకదు. రెండును తప్పు కాదు; కాని రెండవచోట నొక సూచన పత్రము వ్రాసి యుంచకపోవుట తప్పు. ఈ సూక్ష్మము బల్లయొద్ద కూర్చున్నవానికి తోచదు. వరుస యెదుట నిలిచినవానికే తోచును.

వరుసను చూచుటలో పుస్తకముల ఆరోగ్యము కూడ తెలియును. తాటాకు గ్రంథములను కాపాడిన మన పూర్వులు ఏటేట వానిని విప్పి, తుడిచి, తైలము పూసి, మరల కట్టెడివారు; శిథిలమైనదానికి ప్రతి వ్రాసెడివారు. కఱ్ఱగుజ్జుతో చేసిన కాగితమునకు ఆ రక్షణము కూడ చాలదు. అందలి ఆమ్లము కాలక్రమమున కాగితమును పసుపుపచ్చగా మార్చి, పెళుసు చేసి, మడచినచోట విఱుగునట్లు చేయును. పాత వార్తాపత్రికలు ముందుగా నశించుటకు కారణమిదే. ఎండ తగులని చోట, చెమ్మ లేని చోట నుంచుట, లోహపు పిన్నులను తీసివేయుట, విఱుగుటకు ముందే ఛాయాప్రతి తీయించుట—ఇవి తెలిసిన గ్రంథపాలకుడు ఒక తరమును కాపాడినవాడగును. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనమువంటి సంస్థలలో నిలిచియున్న పాత పత్రికలకొఱకు పరిశోధకులు దూరదేశములనుండి వచ్చుచున్నారన్నచో, ఎవరో కొందఱు కాగితమును చేతితో ముట్టి చూచుచుండుటవలననే గదా!

నాలుగవది, తోడి గ్రంథపాలకులతోను, తన వృత్తికి వెలుపలివారితోను సంభాషణము. రంగనాథన్‌గారి పంచసూత్రములలో మొదటిది, పుస్తకము దాచుటకు గాక వాడుకకొఱకే యున్నదను భావము, 1928లో ఆయనకు పూర్వము గణితము చెప్పిన గురువు రాస్ దొర మాటలలో రూపు కట్టినదని ప్రసిద్ధి. ఆ గురువు గ్రంథపాలకుడు కాడు. ఇంటిలో నిత్యము మసలువానికి కనబడని గుంజ అతిథికి తగులును. మన దేశమున గ్రంథాలయోద్యమము కూడ ఇట్టి రాకపోకలవలననే వృద్ధి పొందినది. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారు ఊరూర తిరిగిరి. 'గ్రంథాలయ సర్వస్వము' పత్రికను నడపిరి. గ్రంథాలయ యాత్రలు జరిపిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువలపై పడవలో పుస్తకములు పంపి, పల్లెలకు, పడవ ప్రయాణికులకు అందజేసిరి. వీరిలో చాలమందికి ఆ విద్యలో పట్టములు లేవు. పాఠకుడు ఎచ్చట నున్నాడని అడుగుట, అచ్చటికి పోవుట, పోయినచోట చూచినదానిని నేర్చుట—ఇదియే వారి శిక్షణము. నెలకొక లేఖ, ఏడాదికొక పరగ్రంథాలయ దర్శనము నేటివారికి కష్టమా?

ఐదవది, మూడునెలలకొక క్రొత్త పనిముట్టును నేర్చుకొనుట. నేడు పట్టికలు కార్డులనుండి కంప్యూటరులోనికి మాఱినవి. ఇది మేలే. కాని కార్డును వ్రేలితో తిరుగవేయువాడు ప్రక్కకార్డును కూడ చూచెడివాడు. కంప్యూటరు అడిగిన అక్షరమునకే జవాబు చెప్పును. ఒక్క అక్షరము తప్పినచో ఉన్న పుస్తకము లేనిదగును. మన పేర్ల సంగతి చూడుడు. ఒక చోట 'గురజాడ' యని, మఱియొక చోట 'గురుజాడ' యని వ్రాయుదురు. ఇంటిపేరు ముందు పెట్టువారొకరు, 'అప్పారావు, గురజాడ' యని త్రిప్పి వ్రాయువారొకరు. ఇంటిపేరును రోమను పొడి అక్షరముగా కుదించువారొకరు. ఱకారము, రకారము, ముకారాంతము, సున్న, ఇవి చాలక రోమను లిపిలో ఎవరికి తోచినట్లు వారు వ్రాసిన దీర్ఘములు, ఒత్తులు. పెండ్లితో ఇంటిపేరు మాఱిన రచయిత్రుల కష్టము వేఱు. ఒకే రచయిత్రి పుస్తకములు రెండు పేర్ల క్రింద చీలి, అక్కచెల్లెండ్రవలె ఒకరి మొగమొకరు చూడక యుండును. ఈ చిక్కులు ఏ యంత్రమును తనంత తాను విప్పదు. ఒక పేరునకు గల రూపములన్నిటిని ఒక్కచోట కలిపి, ఏ రూపమున వెదకినను పుస్తకము చిక్కునట్లు చేయుట తెలుగు వచ్చిన గ్రంథపాలకుడు మాత్రమే చేయగల సేవ. అందులకు అతడు యంత్రమును నేర్వవలెను, భాషను మఱవకుండవలెను.

ఇచ్చట నొక న్యాయమైన ఆక్షేపణ కలదు. "కొద్దిపాటి జీతమిచ్చి, అనేకచోట్ల ఖాళీలను నింపక, ఇద్దఱు ముగ్గురు చేయవలసిన పనిని ఒక్కనిచేత చేయించుచు, ఇక నేర్చుకొనుట కూడ నీ ధర్మమని చెప్పుట బడుగువానిపై బరువు మోపుట కాదా?" యని యడుగవచ్చును. ఈ యాక్షేపణను నేను త్రోసివేయను. ధర్మము ఒక్కవైపున నిలువదు. నేర్చుకొనుట గ్రంథపాలకుని ధర్మమైనచో, నేర్చుకొనుటకు కాలమిచ్చుట యజమాని ధర్మము. పై అలవాట్లు పనివేళలలోనే జరుగవలెను; ఇంటికి పోయిన పిదప భార్యాబిడ్డల కాలమును దొంగిలించి కాదు. దినమునకు పావుగంట పుస్తకము తెఱచి చూచుచున్న గ్రంథపాలకుని, పని లేక కూర్చున్నాడని తలంచు అధికారి తన గ్రంథాలయము దేనికొఱకున్నదో తెలియనివాడు. జీతముకొఱకు, ఖాళీలకొఱకు గ్రంథపాలకులు పోరాడుట న్యాయమే. వారి పక్షమున మనము కూడ మాటలాడవలెను.

కాని ఒక సంగతి. యజమాని బాకీ తీర్పలేదని గ్రంథపాలకుడు ఆ బాకీని ఎవరివద్ద వసూలు చేయుచున్నాడు? యజమాని గ్రంథాలయమునకు రాడు. వచ్చువాడు ఉద్యోగపరీక్షకు పుస్తకము కొనలేని యువకుడు. పింఛను దినములు పత్రికతో గడుపు వృద్ధుడు. ఇంటిలో చదువుటకు చోటు లేని బాలిక. తనకు జరిగిన అన్యాయమునకు ప్రతిగా తనకంటె పేదవానికి 'లేదు' అని చెప్పుట ప్రతీకారము కాదు. అన్యాయమును క్రిందికి దిగజార్చుట. పైవానితో పోరాడుచు క్రిందివానికి చేయి యందించువానిదే నిజమైన ఆత్మగౌరవము.

మఱియొక హెచ్చరిక కూడ చెప్పవలెను. నేర్చుకొనుట గర్వమునకు దారి తీయరాదు. చాల చదివిన గ్రంథపాలకుడు కొన్నిమారులు పాఠకుని అభిరుచిని తూచి, "ఇది నీవు చదువదగినది కాదు" అని తీర్పు చెప్పుటకు సిద్ధపడును. వంట పుస్తకము అడిగిన ఇల్లాలిని, అపరాధపరిశోధక నవల అడిగిన కుఱ్ఱవానిని చిన్నచూపు చూచును. అతని చదువు అద్దమునకు పట్టిన ఆవిరివంటిది. చూపును పెంచుటకు బదులు కప్పివేయును. నేర్చినదాని గుఱుతు ఎదుటివాని ప్రశ్నను ఓపికతో వినుటలో కనబడవలెను. తఱచుగా పాఠకుడు అడుగునది ఒకటి, అతనికి కావలసినది మఱియొకటి. చక్కెరవ్యాధిపై పుస్తకము కావలెనని సంకోచముతో అడిగినవానికి వైద్యశాస్త్ర గ్రంథము కాదు, తల్లికి ఏమి వండిపెట్టవలెనో తెలుపు చిన్న పుస్తకము కావలసియుండవచ్చును. "ఎవరికొఱకండీ?" యని మెల్లగా అడిగి తెలిసికొనుట కూడ విద్యయే. ఇది ఏ పట్టమునను వ్రాయబడియుండదు.

ఈ వ్యాసమును చదువువారిలో గ్రంథపాలకులు కొందఱే యుందురు, గృహస్థులే యెక్కువ. మనకేమి పని యని తలంపవలదు. 1960లో చేసిన గ్రంథాలయ చట్టము ననుసరించి మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకము చెల్లించుచున్నాము. కావున గ్రంథాలయము మనకు ఎవరో చేయు దానము కాదు. మన సొమ్ముతో నిలిచిన మన ఇల్లే. ఆ ఇంటికి ఏడాదికొకసారియైనను పోనివారము, అచ్చట దీపము వెలుగుచున్నదో లేదో యని విమర్శించుటకు అర్హులము కాము. నేర్చుకొను గ్రంథపాలకునకు ప్రశ్నలే ఆహారము. అడుగువారు లేనిచోట ఎంతటి ఉత్సాహవంతుడైనను కొన్నాళ్లకు మందగించును. పిల్లలను వెంటబెట్టుకొని పోయి, వారిచేతనే అడిగింపుడు. 'లేదు' అని వినినపుడు నమస్కరించి వెనుదిరుగక, "ఈ ప్రశ్నను వ్రాసి పెట్టుకొనుడు; వచ్చే వారము మరల వచ్చెదను" అని చెప్పుడు. వచ్చే వారము తప్పక పొండు.

నష్టపడినవాడు మాటలాడకుండుటవలననే ఆ లోపము సాక్షి లేక పెరుగుచున్నది. ఒకవైపు గ్రంథపాలకుడు తన చిట్టాలో వ్రాసికొనుచు, మఱియొకవైపు పాఠకుడు మరల వచ్చి అడుగుచు నున్నచో, ఇద్దఱును ఒకరికొకరు సాక్షులగుదురు. అట్టి ఊరిలో పుస్తకములు కొద్దిపాటివే యైనను ఫరవా లేదు; అవి చదువబడును.